దూప

అమీర్‌పేటలో ఏ భాషైనా నేర్పుతారు, తెలుగు తప్ప. జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి అన్నీ ఒకే మెట్లదారి గోడ మీద, ఒకే సైజు బోర్డుల్లో కనిపిస్తాయి. ఆ బోర్డుల్లో జర్మన్ అని రాసి ఉన్న గదిలో చాలాకాలం పాఠం చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు రిటైరయ్యాను. మా ఆవిడ లెక్కలో గొంతు మాత్రమే రిటైరైంది, చాదస్తం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఉంటూ, రేపో మాపో పరాయి దేశం వెళ్ళబోయే పిల్లలు మెట్రో స్టేషన్ దగ్గర కనిపించినప్పుడు అడుగుతుంటారు, కొత్త భాష త్వరగా రావాలంటే ఏం చెయ్యాలి సార్ అని. సలహాలు చెప్పడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. కానీ ఈసారి సలహా చెప్పను. నా దగ్గరకు జర్మన్ కోసం కాకుండా తెలుగు కోసం వచ్చిన ఒకే ఒక్క విద్యార్థిని సంగతి చెబుతాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముందు నా జర్మన్ ఎక్కడిదో చెప్పాలి. మాది గోదావరి వైపు. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరాను. కొత్త యంత్రాలు తెప్పించినప్పుడు, వాటి మరమ్మతు నేర్చుకు రమ్మని జర్మనీలో ఒక చిన్న ఊరికి పంపారు. కొన్నేళ్ళు అక్కడే ఉండిపోయాను. మొదట్లో రొట్టెల కొట్టుకు వెళ్ళి, నోట మాట రాక, వేలు చూపించి, అమ్మినావిడ ఏది పొట్లం కడితే అదే మహాప్రసాదం అనుకుని తెచ్చుకునేవాణ్ణి. మన ఊళ్ళో పదిమందిని నవ్వించే మనిషి అక్కడ ఉత్త మూగవాడైపోతాడు. ఆ అవమానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మరి ఒకరోజు బస్సులో వెనక సీటు ముసలమ్మలు వాన గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ చెప్పుకుంటుంటే, నేను ప్రయత్నించకుండానే అంతా అర్థమైపోయింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగబుద్ధి కాలేదు. ఆ సంతోషం కూడా తెలుసు.

ఆ భాషలో ఎదుటి మనిషికి రెండు మాటలున్నాయి. 'జీ' అంటే మీరు. 'దూ' అంటే నువ్వు. క్లాసులో నేను చెప్పే కిటుకు ఒకటుండేది: "హిందీలో గౌరవానికి జీ అంటాం కదా, ఇదీ అంతే. హిందీలో తూ, జర్మన్‌లో దూ. అయిపోయింది, రాసుకోండి." పిల్లలు నవ్వేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు కాదు.

కానీ అక్కడ ఒక మర్యాద ఉంది. కొన్నాళ్ళు 'జీ' అనుకున్నాక, ఇద్దరిలో పెద్దవాళ్ళు చెయ్యి చాచి, ఇక మనం 'దూ' అనుకుందాం అంటారు. మనం ఆ చెయ్యి అందుకుని తిరిగి 'దూ' అనాలి. అనకపోతే ఆ చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయినట్టు లెక్క. మా ఫోర్‌మన్ మా నాన్న వయసువాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన నాకు చెయ్యి చాచాడు. చెయ్యి కలిపాను గానీ నోరు పెగల్లేదు. నాన్న వయసు మనిషిని నువ్వు అనడమా? మొగుడి పేరు పలకని పాతకాలం ఇల్లాలిలాగా, మీరూ నువ్వూ రెండూ రాకుండా వాక్యాలు వంకర తిప్పుకుంటూ చాలా రోజులు గడిపాను. ఒకరోజు ఆయన చెయ్యి యంత్రం కింద పడబోతుంటే ఒక్క కేక పెట్టాను, "నీ చెయ్యి తియ్యి!" అని. ఆయన చెయ్యి తీసి, నుదుటి చెమట తుడుచుకుని, "హమ్మయ్య, ఇన్నాళ్ళకు అన్నావు" అన్నాడు. యంత్రం సంగతి ఆయనకు పట్టనే లేదు.

ఇంత తెలిసినవాణ్ణి నేను. ఇది గుర్తుంచుకోండి.

ఒకరోజు మధ్యాహ్నం బ్యాచ్ మొదలు కాకముందు, పొడుగ్గా, నూలు చుడీదారు వేసుకున్న ఒక తెల్లమ్మాయి మెట్లెక్కి వచ్చింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఆమెను కొత్త ఫ్యాకల్టీ అనుకుని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఆమె నాతో జర్మన్‌లో చెప్పింది, తనకు తెలుగు కావాలని. భర్త మన హైదరాబాదువాడే. అక్కడ పరిచయం, అక్కడే పెళ్ళి. ఇక్కడ ఉద్యోగం దొరికాక ఇద్దరూ వచ్చి అతని తల్లితో ఉంటున్నారు. ఆ పెద్దావిడ ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్ళ మధ్య కర్రీ పాయింట్ నడుపుతుంది.

"మా ఆయన నాతో జర్మన్ మాట్లాడతాడు, వాళ్ళమ్మతో తెలుగు మాట్లాడతాడు. ఇద్దరి మధ్యా నేను గోడ మీద క్యాలెండర్‌లా ఉంటాను," అంది. "ఆమె నన్ను చూసి నవ్వుతుంది. ఫ్యాను కింద కుర్చీ వేస్తుంది. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వదు. నాకు ఆమె పక్కన నిలబడి కూర కలపాలని ఉంది. మధ్యలో మా ఆయన లేకుండా ఆమెతో మాట్లాడాలని ఉంది."

ఆమెకు కావలసింది ఆ పొయ్యి దగ్గర చోటు. ఇంకేమీ కాదు. మా ఇన్‌స్టిట్యూట్ యజమాని ఇది సిలబస్‌లో లేదన్నాడు గానీ నేను పట్టుబట్టి ఒప్పించాను. ఊరందరికీ జర్మన్ పంచిపెట్టినవాణ్ణి, ఒక్క జర్మన్‌కు తెలుగు చెప్పలేనా అని నా ధీమా.

ఆమె చదివిన తీరు చూస్తే ఏ మాస్టారికైనా ముచ్చటేస్తుంది. ళ పలకడానికి నాలుక మడిచి మడిచి అలిసిపోయేది. 'కళ్ళు' అనబోయి 'కల్లు' అనేది, నేను నవ్వితే ఆ రెండో మాటకు అర్థం అడిగి తనూ నవ్వేది. 'వెళ్ళొస్తాను' అన్న మాట విన్నరోజు, వెళ్ళేటప్పుడే వస్తానని చెప్పే మనుషులా మీరు అని ఆశ్చర్యపోయింది. 'మేము', 'మనం' వేరువేరని చెప్పిన రోజు పెన్ను కింద పెట్టేసింది. వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాట. "అంటే తెలుగులో, మాట్లాడేవాళ్ళు నన్ను లోపల కలుపుకున్నారో బయట ఉంచారో వెంటనే తెలిసిపోతుందా?" అని అడిగింది. తెలిసిపోతుందన్నాను. "అయితే జాగ్రత్తగా వినాలి," అంది.

నేను మొదట నేర్పిన పూర్తి వాక్యం ఇది: "అత్తయ్యగారూ, మీరు భోజనం చేశారా?"

ఆమె రాసుకుని, "మీరు అంటే జీయా, దూయా?" అని అడిగింది.

"జీ."

"మావైపు అత్తగారిని దూ అంటాం. మా ఆయన కూడా వాళ్ళమ్మను నువ్వు అనే అంటాడు."

"కొడుకు అనొచ్చు. కోడలు అంటే పళ్ళు రాలతాయి," అన్నాను.

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మా ఇంట్లో అలాగే నడిచింది, మా అమ్మ ఇంట్లోనూ అలాగే నడిచింది. పెద్దవాళ్ళకు 'మీరు', పేరు చివర 'గారు'. నేను చెప్పింది తప్పు తెలుగేమీ కాదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

పక్క గదిలో జావా చెప్పే సారు సిద్దిపేట వైపు మనిషి. కింద టీ కొట్టు దగ్గర ఇద్దరం కలిసేవాళ్ళం. నా శిష్యురాలి వాక్యం గొప్పగా వినిపిస్తే అతను గ్లాసు పక్కన పెట్టాడు.

"సార్, ఆమె అత్తది ఏ వైపు? అడిగిండ్రా?"

"తెలంగాణే. అయితే ఏంటి?"

"ఏం లేదు. మీ తెలుగు మస్తుంటది సార్, వార్తలు ఇన్నట్టు ఉంటది. కానీ ఇంట్ల ఎవరు గట్ల మాట్లాడ్తరు? నా భార్య మా అమ్మను నువ్వే అంటది. ఎన్నడన్న మీరు అన్నదనుకో, మా అమ్మ నా దిక్కు జూసి, ఏందిరా పిల్లకు కోపమొచ్చిందా అంటది."

"మర్యాద నేర్పితే చెడిపోతారా ఎవరైనా?" అన్నాను, కొంచెం విసురుగానే.

"నాకేంది సార్, చాయ్ తాగుండ్రి," అన్నాడు. అతనితో చిక్కు అదే. వాదించడు. జావా చెప్పేవాడికి తెలుగు గురించి ఏం తెలుసులే అనుకుని మెట్లెక్కేశాను.

కొన్నాళ్ళకు ఆమె ఒక కొత్త మాట పట్టుకొచ్చింది. "గురువుగారూ, దూప అంటే ఏమిటండీ? ఎండలో నుంచి ఇంటికి వెళ్ళగానే మా అత్తయ్యగారు, దూపైతుందా బిడ్డా, అని అడుగుతారు. చెంబు చేతికి ఇస్తారు."

"దాహం. ఇక్కడివాళ్ళ మాట అది. మీరు దాహం అనండి, దప్పిక అనండి."

"కానీ ఇది బావుంది," అని ఆమె నోరు తెరిచి, మెల్లగా, "దూ... ప..." అంది. "అంటుంటేనే గొంతు ఎండినట్టు ఉంది."

ఆ మాటను మాత్రం వదల్లేదు. నాతో చక్కగా గ్రాంథికంలా మాట్లాడుతూ మధ్యలో, "గురువుగారూ, నాకు దూపగా ఉన్నదండీ" అనేది. వినోదంగా ఉండేది, సరిదిద్దడం మానేశాను.

తర్వాత ఆమె ముఖం క్రమంగా చిన్నబోవడం మొదలైంది. తెలుగు పెరుగుతున్న కొద్దీ ఉత్సాహం తగ్గడమేమిటో నాకు అర్థం కాలేదు. ఒకరోజు పాఠం అయ్యాక కూడా కూర్చునే ఉంది.

"గురువుగారూ, ఇదివరకు మా అత్తయ్యగారు నన్ను, రా బిడ్డా, తిను బిడ్డా అనేవారు. అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతోంది, కానీ ఇప్పుడు ఆమె, రండి, కూర్చోండి, తీసుకోండి అంటున్నారు. బిడ్డా అనడం లేదు. నేను పొయ్యి దగ్గరికి వెళితే, మీరు వద్దండి అంటున్నారు. ఇది మంచిదా?"

నాకు ఛాతీ ఉబ్బింది. "చూశారా, మీ మర్యాద చూసి ఆవిడా మర్యాద నేర్చుకుంది. మంచిదే కదా!"

ఆమె పుస్తకం మూసింది. తర్వాత జర్మన్‌లోకి మారింది. మనసు నొచ్చినప్పుడు ఎవరైనా సొంత భాషలోకే పోతారు. "మావైపు దూ అన్న మనిషి మళ్ళీ జీలోకి వెళ్ళిపోతే, ఇక స్నేహం తీరిపోయిందని అర్థం. మీకు తెలుసు కదా."

తెలుసు. నాకు తెలుసు కాబట్టే చురుక్కుమంది. "ఇది జర్మనీ కాదు," అని తేల్చేశాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆమె వాళ్ళ దేశం వెళ్ళింది. అక్కడ తల్లికి మోకాలి ఆపరేషను, కొన్ని వారాలు దగ్గరుండాలి. వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి, "వెళ్ళొస్తాను గురువుగారూ" అంది. ళ్ళ ఒక్క వంక లేకుండా పలికింది.

ఆమె వెళ్ళాక ఒక మధ్యాహ్నం జావా సారు నన్ను ఆ కర్రీ పాయింట్‌కు తీసుకెళ్ళాడు. మా ఆవిడ ఊళ్ళో లేదు, నాకు వంట రాదు, కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. షట్టరు ముందు స్టీలు ట్రేలు, హాస్టలు కుర్రాళ్ళ గుంపు, పచ్చిపులుసు వాసన. లోపల పొయ్యి దగ్గర పెద్దావిడ. బల్కంపేట నుంచి వచ్చే ఇంకో ఆవిడ కింద కూర్చుని వంకాయలు తరుగుతోంది. జావా సారు నన్ను చూపించి ఏదో చెప్పగానే, పెద్దావిడ గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"జర్మన్ సారు నువ్వేనా?"

నువ్వు! నేను ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. నన్నే.

"రా సారూ, లోపల కూసో. మా కోడలుకు తెలుగు నేర్పింది నువ్వే గదా. మంచిగ నేర్పినవు. కానీ గా తెలుగు నాకు రాదు సారూ."

"అదేంటండీ, మీది తెలుగే కదా?"

"గది నా తెలుగు. ఆమెది పెద్దోళ్ళ తెలుగు. నన్ను మీరు అనేటోళ్ళు ఇద్దరే సారూ, ఒకలు బ్యాంకోళ్ళు, ఇంకొకలు నా కోడలు." కింద కూర్చున్న ఆవిడ కిసుక్కున నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. "మొదట్ల మస్తు బాధైంది. గింత దూరం బెడ్తదేంది అనుకున్న. మల్ల అనుకున్న, ఆమె దేశం కాని దేశమొచ్చి నాకోసం నేర్సుకుంది. ఆమెకు గట్లంటేనే సమజైతదేమో. నేను నా లెక్క మాట్లాడితే బిడ్డ ఆగమైతది. అందుకే టీవీల వార్తలు సూసి నేను సుత నేర్సుకుంటున్న. రండి, కూర్చోండి, తీసుకోండి. నోరు నొస్తది సారూ."

రొట్టెల కొట్టు ముందు కూడా అంత మూగగా నిలబడలేదు. ఈమె ఆమె కోసం నోరు నొప్పి పెట్టుకుంటోంది. ఆమె ఈమె కోసం నాలుక మడుచుకుంటోంది. ఇద్దరూ నా పాఠం చదువుతూ ఒకరికొకరు దూరం జరుగుతున్నారు. జావా సారు నా వైపు చూడకుండా ట్రేల వైపు చూస్తున్నాడు. అతని మంచితనం అది.

మెల్లగా చెప్పాను. ఆమెకు మీ తెలుగే కావాలని, బిడ్డా అనే పిలుపు పోయిందని బెంగపడుతోందని, వాళ్ళ దేశంలో అత్తగారిని నువ్వే అంటారని. పెద్దావిడ నోరు తెరుచుకుని విన్నది.

"అట్లనా? మరి ఆమె బాసల నువ్వు అనెటందుకు ఏమంటరు సారూ?"

"దూ."

"దూ? గంతేనా?" ఆమె మొదటిసారి నవ్వింది. "దూప లెక్కనే ఉంది గదా! పా తీసేస్తే అయిపాయె. దూ... దూ..." కూరలకు వచ్చిన కుర్రాళ్ళ ఆకలి పక్కన పెట్టి, కింద కూర్చున్న ఆవిడకు వినిపించేలా మరోసారి అంది. నేను ఆ మర్యాద సంగతి కూడా చెప్పాను. పెద్దవాళ్ళే ముందు చెయ్యి చాచి అనాలని, అవతలివాళ్ళు చెయ్యి కలిపి తిరిగి అంటారని.

"అయితే నేనే అనాలె," అంది. వెంటనే ఫోన్ చేసి చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఫోన్ల గాదు. వచ్చినంక, ఎదురుంగ నిలవడి, చెయ్యి పట్టుకొని అంట. పొయ్యి కాడికి తోల్కవోత. నువ్వు చెప్పకు సారూ. నేనే చెప్త."

చెప్పనని మాటిచ్చాను. ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుందని ఆరోజు నాకు కూర రెట్టింపు రుచిగా అనిపించింది. పప్పు, వంకాయ కట్టించుకుని ఇంటికి వచ్చాను. మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళేలోపు షట్టరు మూసి ఉంది.

పెద్దావిడకు పక్షవాతం వచ్చిందని, నోరు ఒక పక్కకు పోయిందని, కొడుకు పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్పించాడని జావా సారు చెప్పాడు. నేను చూడటానికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. కోడలు దొరికిన విమానం పట్టుకుని బయలుదేరింది గానీ ఆమె దిగేటప్పటికి దహనం కూడా జరిగిపోయింది.

దినాలు అయిన కొన్ని వారాలకు ఆ షట్టరు మళ్ళీ తెరుచుకుంది. ఆ కబురు విని వెళ్ళాను. పొయ్యి దగ్గర మా శిష్యురాలు, జుట్టు ముడేసుకుని, పెద్దావిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కావాలనుకున్న చోటే అది. నన్ను చూసి తల ఊపింది. ఆమె నోరు విప్పేలోపే వంకాయలు తరిగే ఆవిడ అందుకుంది.

"ఆఖరుకు కోడలే అత్తమ్మ దూప దీర్చింది సారూ. యాడనో ఉండి, ఫోన్లకెళ్ళి చెప్పింది, నీళ్ళు తాపుండ్రి అని. కడుపున పుట్టిన బిడ్డలెక్క."

ఏమిటని అడిగాను. శిష్యురాలు మంట తగ్గించి చెప్పింది. నేను నేర్పిన తెలుగు కాదు అది. ఈ వారాల్లో వంకాయల ఆవిడ దగ్గర, వీధిలో పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళ దగ్గర పట్టుకున్న తెలుగు.

"మా ఆయన ఆస్పత్రిల వీడియో కాల్ పెట్టిండు సారూ. అత్తమ్మకు మాట సరిగ వస్తలేదు. నన్ను చూసింది. చెయ్యి లేపింది, ఫోన్ దిక్కు. దూ... దూ... అన్నది. నర్సుకు సమజ్ కాలే, ఆమె కేరళ ఆమె. మా ఆయన ఏడుస్తుండు, ఆయనకు సుత తెలుస్తలేదు. నాకే సమజైంది. దూపైతుంది, నీళ్ళియ్యుండ్రి అని నేనే చెప్పిన. చెంచాతోని పోసిండ్రు. మల్ల అదే అన్నది, మల్ల పోసిండ్రు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మధ్యల ఎవలు లేకుండ నాకు అర్థమైన ఆమె మాట అదొక్కటే."

నేను ట్రేలను పట్టుకుని నిలబడ్డాను. చెప్పాలా వద్దా? వీధి వీధంతా ఆమెను బిడ్డ అంటోంది ఆ నీళ్ళ వల్లే. ఆమెకు మిగిలిన ఊరట కూడా ఆ నీళ్ళే. అది లాక్కోవడానికి నేనెవణ్ణి? ఆ రోజు పప్పు కట్టించుకుని వచ్చేశాను. మరికొన్ని సార్లు వెళ్ళాను, వచ్చాను. ప్రతిసారీ చెబుదామనుకోవడం, కూర తీసుకుని రావడం.

ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉంది. ఆమె కవరు ముడేస్తూ, నా వైపు చూడకుండా అంది, "అన్నీ మంచిగనే ఉన్నయి సారూ. ఒక్కటే. ఆఖరుదాక ఆమె నన్ను మీరు అనే అన్నది. ఒక్కసారన్న నువ్వు అంటదనుకున్న. అనలే."

ఇక నావల్ల కాలేదు.

"అన్నదమ్మా," అన్నాను. "అది దూప కాదు."

చెప్పాను. ఆ మధ్యాహ్నం పెద్దావిడ అడిగింది, నేను నేర్పింది, పా తీసేస్తే అయిపాయె అని ఆమె నవ్వింది, చెయ్యి పట్టుకుని ఎదురుగా నిలబడి అంటానన్నది, నన్ను చెప్పొద్దన్నది, అన్నీ. జర్మన్‌లో చెప్పలేదు. తెలుగులోనే చెప్పాను.

ఆమె కవరు ముడి సగంలో ఆపేసింది. 'దూ' తన పుట్టుభాష మాట. ఉగ్గుపాలనాడు విన్న మాట. మా తెలుగు అంత బాగా నేర్చుకోకపోయి ఉంటే, ఆ దూప అన్న మాట అసలు తెలియకపోయి ఉంటే, ఆరోజు ఆమెకు వెంటనే అర్థమయ్యేది. దూప నేను వద్దన్న మాటే. నా మాట విని దాహం అనడమే నేర్చుకుని ఉన్నా సరిపోయేది. ఎటు తిప్పి చూసినా నాకు దారి దొరకలేదు, ఇప్పటికీ దొరకదు.

"ఆమె నన్ను నువ్వు అన్నది," అంది చివరికి. "నేను నీళ్ళిచ్చిన."

వంకాయల ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బయట ఎవరో కుర్రాడు వచ్చి టమాటా పప్పు ఉందా అక్కా అని అడిగాడు.

"మావైపు ఎవలన్న దూ అంటే తిరిగి అనాలె గదా సారూ," అంది ఆమె. "లేకుంటే ఆ చెయ్యి గాల్లనే ఉంటది."

అవునన్నాను.

ఆమె చేతులు కడుక్కుంది. కొంగు లేదు కాబట్టి చున్నీతోనే తుడుచుకుంది. పొయ్యి పక్కన గోడకు, మసి అంటకుండా కొంచెం పైకి, పెద్దావిడ ఫొటో తగిలించి ఉంది. దాని ముందు నిలబడి, రోజూ ఇంటికి వచ్చే మనిషిని పలకరించినంత మామూలుగా అడిగింది.

"అత్తమ్మా, నువ్వు తిన్నవా?"

తర్వాత కుర్రాడికి పప్పు కట్టింది. నా పొట్లం నాకిచ్చింది. నేను దాన్ని పట్టుకుని మెట్రో వంతెన కింద నుంచి ఇంటికి నడిచాను. నేను మొదట చెప్పిన వాక్యమే అది. అందులో నేను నేర్పిన మాట ఒక్కటీ లేదు.